ఎడమ కాలి అరంగుళం

మొదట్లో గుండీలాయన చేతిలో ఉన్నవి ఇవి: ముప్ఫై ఏళ్ళుగా తిరుగుతున్న ఒక దారి, ఆ దారి పొడవునా అరవై రెండు టైలరు దుకాణాలు, ఒక నల్ల సైకిలు, దాని వెనక బిగించిన నాలుగు సొరుగుల చెక్కపెట్టె, రెండు మోకాళ్ళు. మోకాళ్ళలో ఎడమది నోరు మెదపకుండా పనిచేస్తోంది. కుడిది పనిచేస్తూనే తిడుతోంది.

పెట్టెలో పై సొరుగు గుండీలది. దాని కింద జిప్పులు, ఆ కింద దారపు రీళ్ళు, అట్టడుగున హుక్కులూ సూదులూ, కాలరు లోపల పెట్టే గట్టి గుడ్డా. టైలరు దగ్గర ఒక చొక్కా ఆగిపోయిందంటే బట్ట లేక కాదు, గుండీ రంగు కలవక. ఆ రంగు కలిపే కన్ను గుండీలాయనది. గుడ్డముక్కను ఒక్కసారి వెలుతురుకి పట్టి చూసేవాడు, తర్వాత సొరుగులో రెండు వేళ్ళు పెట్టి, అటు చూడకుండానే అదే నీలం తీసి ఇచ్చేవాడు. ఊళ్ళో ఆయన అసలు పేరు ఎవరికీ తెలియదు. ఇంట్లో కూడా కరెంటు బిల్లు వచ్చినప్పుడే ఆ పేరు బయటపడేది.

వ్యాపారంలో ఆయన సొంతంగా కనిపెట్టిన కిటుకు ఒకటుంది. సైకిలు దిగకపోవడం. దుకాణం ముందు ఆపి, సీటు మీద కూర్చునే ఒక కాలు మెట్టు మీద ఆనించి, నడుం తిప్పి సొరుగు లాగి, సరుకు ఇచ్చి, మళ్ళీ కాలు తన్నేవాడు. రెండు పాదాలూ నేలకు నిండుగా ఆనాలని సీటును గొట్టంలోకి పూర్తిగా దించేసి పెట్టుకున్నాడు. దానికాయన దగ్గర లెక్క ఉంది. ఒక దుకాణంలో దిగి ఎక్కితే రెండు నిమిషాలు. అరవై రెండు దుకాణాలకి వారానికి రెండు గంటలు. ఏడాదికి పదమూడు పనిరోజులు. ముప్ఫై ఏళ్ళకి ఏడాది పైమాటే. "మీరందరూ ఒక ఏడాది సైకిలు ఎక్కడానికీ దిగడానికీ ఖర్చు పెట్టారు. నా ఏడాది నా దగ్గరే ఉంది," అని టైలర్లతో అనేవాడు. ఆ ఏడాదిని ఎక్కడ దాచాడో మాత్రం ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

నొప్పి మొదలైంది ఎగువ వీధి వల్ల. అది ఊరికి ఉత్తరాన ఉన్న ఎత్తు. రెండేళ్ళ క్రితం అక్కడ కొత్తగా పదకొండు దుకాణాలు వెలిశాయి. కొత్త దుకాణం అంటే ఖాళీ సొరుగు, ఖాళీ సొరుగు అంటే గుండీలాయనకి ఆహ్వానం. వారానికోసారి ఆ ఎత్తు ఎక్కాడు. నాలుగు నెలలయ్యేసరికి మెట్లు దిగేటప్పుడు కుడి మోకాలి చిప్ప కింద సూది గుచ్చినట్టయింది. ఇంకో రెండు నెలలకి కుర్చీలోంచి లేచేటప్పుడు కూడా. సూదులు అమ్ముకునేవాడిని సూదే పట్టుకుందని చొక్కాల టైలరు ఒకాయన జోకు వేస్తే నవ్వాడు గానీ, ఆ వారం ఆ టైలరుకి ఇచ్చిన సూదులు లెక్కకి ఒకటి తక్కువగానే ఉన్నాయి.

నొప్పి తగ్గడానికి ఆయన చేసిన మొదటి పని పెడళ్ళు కొనడం. ఇదే ఆయన జీవితంలో ఒప్పుకోవడానికి ఇష్టపడని కొనుగోలు. ఆదివారాలు బిగుతు బట్టలేసుకుని పందేలకు తొక్కేవాళ్ళు వెళ్ళే పెద్ద సైకిలు దుకాణం ఒకటుంది. అక్కడి సేల్సుమన్ చాలా మర్యాదగా, బూటును కొక్కెంలా పట్టేసే పెడళ్ళు చూపించాడు. బూటు కింద ఒక చిన్న పలక, పెడల్ మీద ఒక నోరు. పాదం పెడితే టక్కుమని పట్టుకుంటుంది. ప్రపంచంలో పెద్ద పెద్ద పందెగాళ్ళందరూ వాడేది ఇదేనట. ముప్ఫై ఏళ్ళు అరవై రెండు మందికి అమ్మినవాడు ఆ రోజు ఒకడి దగ్గర కొనుక్కుని ఇంటికొచ్చాడు.

మూడో దుకాణం దగ్గరే సంగతి తెలిసింది. అలవాటు ప్రకారం మెట్టు మీద పెట్టబోయిన కాలు పెడల్ని వదిలి రాలేదు. సైకిలుతో సహా, సొరుగులతో సహా, నిదానంగా, చూసేవాళ్ళకి పట్టుకునేంత టైమిచ్చి మరీ పక్కకి ఒరిగిపోయాడు. వీధంతా గుండీలు. రంగు రంగుల గుండీలను దారినపోయేవాళ్ళందరూ ఏరి ఇస్తుంటే, కూర్చున్నచోటు నుంచే "అది ఆ సొరుగు కాదు, ముత్యాల రంగు వేరే అర," అని చెబుతూ కూర్చున్నాడు. పడ్డందుకు ఆయన బాధపడలేదు. కానీ ఆ పెడళ్ళతో పదిహేను రోజులు తొక్కాక మోకాలికి ముందువైపు ఉన్న నొప్పికి తోడు లోపలి పక్కన కూడా మెలిపెట్టినట్టు కొత్త నొప్పి వచ్చింది. ఒకటి తగ్గించుకోవడానికి వెళ్ళి రెండు తెచ్చుకున్నాడు.

అప్పుడు వెళ్ళాడు డాక్టరు దగ్గరికి. డాక్టరు మోకాలు వంచి, చాపి, ఫొటో తీయించి చూశాడు. ఎముక బాగానే ఉందనీ, చిప్ప వెనక రాపిడి పడుతోందనీ, ఆరు వారాలు కాలికి పని చెప్పొద్దనీ, ఆ తర్వాత కూడా ఈ వయసులో సైకిలు మానేస్తేనే మేలనీ చెప్పాడు.

"రాపిడి ఎందుకు పడుతోందండీ?" అని అడిగాడు గుండీలాయన.

"తొక్కుతున్నారు కాబట్టి."

"ముప్ఫై ఏళ్ళు తొక్కాను, పడలేదు. సరుకు ఎక్కడో ఆగిపోతే మేం రోడ్డు మానేయమండీ. ఎక్కడ ఆగిందో వెతుక్కుంటూ వెళ్తాం."

డాక్టరు చిరునవ్వు నవ్వి చీటీ రాశాడు. గుండీలాయన చీటీలోని మందు కొన్నాడు, వారం రోజులు విశ్రాంతి తీసుకున్నాడు, మిగిలిన ఐదు వారాలు తీసుకోలేదు. రాపిడి అన్న మాట మాత్రం జేబులో వేసుకుని వచ్చాడు. రాపిడి అంటే ఏవో రెండు ఉండాల్సిన చోట లేవని అర్థం. అది యంత్రాల సంగతి. యంత్రాల సంగతికి మందు వేరే ఉంటుంది.

ఈలోపు ఇంటికి బావమరిది వచ్చాడు. ఆయన భార్యకి తమ్ముడు. వ్యానులో బట్ట తానులు వేసుకుని పెద్ద దుకాణాలకి తిప్పుతాడు. మనసు మంచిది, గొంతు పెద్దది. కుర్చీలో కూర్చోగానే అక్క పెట్టింది తింటూ అసలు మాటకొచ్చాడు. బావ ఇక ఇంటి పట్టున ఉండాలి, ఈ దుకాణాల లైను తను చూసుకుంటాడు, వ్యానులో బట్టతో పాటు గుండీలూ వెళ్ళిపోతాయి, బావ వాటా బావకి నెలనెలా ఇంటికే వస్తుంది. కాళ్ళు చాపుకుని టీవీ చూసుకోవచ్చు.

గుండీలాయన తన కాళ్ళ వంక చూసుకున్నాడు. చాపడానికి అవి సిద్ధంగా ఉన్నట్టు కనిపించలేదు.  భార్య గిన్నె తీసుకెళ్తూ, ఆగి, "వాడు చెప్పేది మీ మంచికే," అంది. ఆవిడ గొంతులో భయం ఉంది. అదే ఆయనకి ఎక్కువ గుచ్చుకుంది.

"వ్యాను చిన్న సందుల్లోకి వెళ్తుందా?" అన్నాడు.

"సందు మొదట్లో ఆపి హారన్ కొడతాను బావా. వాళ్ళే వస్తారు."

"మిషను మీద సగం కుట్టిన చొక్కా వదిలేసి నీ హారన్ కోసం వీధి చివరికి వస్తారా? నా టైలర్లు?"

"మరి నువ్వు మోకాలు వదిలేసి వాళ్ళ గుమ్మం దాకా వెళ్తున్నావు కదా."

 మాటల్లో గెలవలేనప్పుడు గుండీలాయన బేరం పెడతాడు. బడులు తెరిచే ముందు నాలుగు వారాలు యూనిఫాంల సీజను. ఏడాది మొత్తంలో టైలర్లకి ఊపిరాడని రోజులు అవే. ఈ నాలుగు వారాల్లో తన అరవై రెండు దుకాణాల్లో ఏ ఒక్కటి తప్పినా, ఎగువ వీధిలో ఒక్కసారి దిగి సైకిలు నెట్టుకుంటూ వెళ్ళినా, లైను బావమరిదిది. అలా జరగకపోతే ఈ మాట మళ్ళీ ఈ ఇంట్లో ఎత్తకూడదు.

"దిగి నెట్టినా పోయినట్టేనా?" బావమరిది నమ్మలేక అడిగాడు.

"పోయినట్టే."

"ఆ షరతు నేను పెట్టలేదు బావా. నువ్వే పెట్టుకున్నావు."

"నేనే పెట్టుకున్నాను."

మర్నాడు పొద్దున్నే సైకిలు నడిపించుకుంటూ పానా బాబాయ్ దగ్గరికి వెళ్ళాడు. ఆయన రిపేరు షెడ్డు ఒక పొడుగాటి గోడకి ఆనుకుని ఉంటుంది. డెబ్బై దాటినవాడు. చేతిలో పానా లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. వంగి, పెడళ్ళను పానాతో తట్టి చూశాడు.

"ఇవి ఎవరి కాళ్ళకి కొన్నావు?" అన్నాడు.

నేల మీద ఇసక చల్లి గుండీలాయనని నాలుగడుగులు నడవమన్నాడు. రెండు పాదాల ముద్రలూ బాతు నడిచినట్టు బయటికి తిరిగి ఉన్నాయి. పుట్టినప్పటి నుంచీ నడక అంతే. కొక్కెం పెడల్ ఆ పాదాన్ని తిన్నగా పట్టేసింది. పాదం తిన్నగా, తొడ వంకరగా, మధ్యలో మెలితిరిగేది మోకాలు. పందేలవాళ్ళు ఆ పలకను తమ పాదానికి తగ్గట్టు కొలతలేసి బిగించుకుంటారనీ, సేల్సుమన్ దాన్ని అందరికీ బిగించినట్టే బిగించి ఇచ్చాడనీ బాబాయ్ తేల్చాడు. వస్తువు తప్పు కాదు. అయినా అరవై రెండు చోట్ల ఆగేవాడికి కాలు కట్టేసే పెడల్ ఎందుకు? ఊడదీసి, వెడల్పాటి రబ్బరు పెడళ్ళు వేశాడు. పాదం దానికి నచ్చిన వైపు తిరగనీ అన్నాడు.

తర్వాత సీటు. సైకిలును ఎడమ పక్కన గోడకి ఆనించి, గుండీలాయనని ఎక్కి కూర్చోమని, పెడల్ని అట్టడుగుకి తెచ్చి, మడమ దాని మీద పెట్టమన్నాడు. మడమ పెట్టినప్పుడు కాలు తిన్నగా రావాలి. అప్పుడు ముందు పాదంతో తొక్కితే మోకాలు కొంచెం వంగి ఉంటుంది. గుండీలాయన మోకాలు మడమ పెట్టినా ముక్కాలి పీట మీద కూర్చున్నట్టు వంగే ఉంది. ఇన్నేళ్ళూ సీటు మీద కూర్చునే గుంజీలు తీసినట్టు తొక్కాడన్నమాట. సమతలం మీద ఒళ్ళు ఓర్చుకుంది, ఎత్తు మీద చిప్ప ఎదురు తిరిగింది. బాబాయ్ సీటు నాలుగు వేళ్ళు పైకి లేపాడు. వెనక చక్రానికి ఎక్కువ పళ్ళున్న ఫ్రీవీల్ వేశాడు. ఎత్తు మీద వేగం ఎవరికి కావాలి, కాలు తేలిగ్గా తిరిగితే చాలు అన్నాడు.

"బాబాయ్, ఇంత ఎత్తయితే పాదం నేలకి ఆనదు. ప్రతి దుకాణం దగ్గరా దిగాలి."

"దిగు."

"రెండు నిమిషాలు పోతాయి."

"మోకాలు పోతే ఎన్ని నిమిషాలు పోతాయో లెక్కెయ్. నువ్వు లెక్కల్లో గట్టివాడివి కదా."

గుండీలాయన ఆ లెక్క వేయలేదు. వేస్తే ఏమొస్తుందో తెలుసు. ముప్ఫై ఏళ్ళ కిటుకును షెడ్డులో వదిలేసి బయటికొచ్చాడు.

సీజను మొదటి వారం ఆశ్చర్యంగా గడిచింది. కుడి చిప్ప కింద సూది రోజురోజుకీ మొండిబారింది. లోపలి పక్క మెలిక నాలుగో రోజుకే పోయింది. ఇంకొక వింత జరిగింది. దిగుతున్నాడు కాబట్టి స్టాండు వేస్తున్నాడు, స్టాండు వేశాక ఊరికే గుమ్మంలో నిలబడలేక లోపలికి వెళ్తున్నాడు. తను ప్యాంటు కుట్టించుకునే చోటు తప్ప, ముప్ఫై ఏళ్ళుగా ఈ దుకాణాలను ఆయన చూసింది గుమ్మం బయటి నుంచే. లోపల అరలు ఎలా ఉంటాయో తెలియదు. ఒక చోట హుక్కుల డబ్బా అడుగంటింది, అడగడం మర్చిపోయారు. ఇంకో చోట వేరే ఎవరో అమ్మిన నాసిరకం దారం ఉంది. "ఇదెక్కడిది?" అని అడగకుండా చేత్తో తెంపి చూపించాడు. ఆ వారం సొరుగులు మామూలు కంటే ముందే ఖాళీ అయ్యాయి.

రెండో వారం ఎడమ కాలు నోరు విప్పింది. ఇన్నాళ్ళూ నోరు మెదపనిది. నొప్పి ముందువైపు కాదు, మోకాలి మడత వెనక, తాడు లాగినట్టు. తొక్కుతుంటే సీటు మీద నడుం అటూ ఇటూ ఊగుతోంది. మళ్ళీ పానా బాబాయ్ దగ్గరికి వెళ్తే, వెనక నొప్పి అంటే సీటు ఎక్కువ ఎత్తయినట్టని ఒక వేలు దించాడు. రెండు రోజుల్లో కుడి చిప్ప కింద సూది మళ్ళీ మేలుకుంది. లేపితే ఎడమది, దించితే కుడిది. బాబాయ్ పానా కింద పెట్టాడు. అది మంచి శకునం కాదు. "నీ కాళ్ళు రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం లేదురా," అన్నాడు.

ఎగువ వీధి రెండో వారం ఎక్కడమైతే ఎక్కాడు, దిగి నెట్టలేదు. కానీ పైకి చేరాక గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఆ కబురు కిందికి చేరింది. బావమరిది వ్యాను ఆయన దారిలో కనపడటం మొదలైంది. పలకరింపుగా ఒకసారి హారన్ కొట్టి పోయేవాడు. ఆ హారన్ వింటే గుండీలాయనకి ఎడమ కాలు ఇంకో వేలు బిగుసుకునేది.

మూడో వారం మధ్యలో టైలరమ్మ దుకాణానికి వెళ్ళాడు. ఆవిడ ప్యాంట్లు కుడుతుంది. ఇరవై ఏళ్ళుగా గుండీలాయన ప్యాంట్లు కూడా ఆవిడే. ఆయన ఆవిడని చెల్లెమ్మా అంటాడు, ఆవిడ అన్నయ్యా అంటుంది. కొలతలు ఆవిడ తీస్తుంటే ఆవిడ తోడికోడలు పెద్ద పుస్తకంలో రాస్తుంది. ఆ రోజు పుస్తకం బల్ల మీద తెరిచి ఉంది. ఏదో పాత కొలత వెతుకుతూ పేజీలు తిప్పుతున్నారు. జిప్పులు లెక్కపెట్టి ఇస్తూ గుండీలాయన తలవంచి చూశాడు. ఒక పేజీ మీద 'గుండీలు' అని రాసి ఉంది. అది తనే. నడుం, తొడ, పొడవు. పొడవు పక్కన ఎర్ర పెన్సిలుతో ఒక చుక్క.

"ఈ చుక్కేంటి చెల్లెమ్మా?"

"పెన్సిలు జారి ఉంటుంది."

ఆయన వెనక్కి తిప్పాడు. అంతకు ముందు ప్యాంటుకీ చుక్కుంది. దానికి ముందు దానికీ.

"ఇరవై ఏళ్ళ నుంచీ నా పేజీ మీదే జారుతోందా?"

తోడికోడలు మిషను వైపు తిరిగిపోయింది. టైలరమ్మ టేపును వేలికి చుట్టుకుంటూ నిలబడింది. టైలర్లకి ఒక కట్టుబాటు ఉంది. టేపు చెప్పింది మనిషికి చెప్పరు. ఒక భుజం దిగి ఉంటే ఆ భుజంలో దళసరి గుడ్డ పెడతారు, వీపు వంగి ఉంటే వెనక భాగం కొంచెం పెంచుతారు. కొలిచేటప్పుడు ఆ తేడా పైకి అనరు. బల్లను వేలితో ఒకసారి తడితే రాసేవాళ్ళు చుక్క పెడతారు. మనిషి అద్దంలో చూసుకుని, తను తిన్నగానే ఉన్నాననుకుని ఇంటికి వెళ్ళాలి. గుండీలాయన ఆ వేలి తట్టును ఎన్నోసార్లు విన్నాడు. ఆవిడ అలవాటనుకున్నాడు.

"ఇవ్వాళ కూడా చెప్పకపోతే ఎలా?" అన్నాడు. "పది రోజులు పోతే నీ జిప్పులు వ్యానులో వస్తాయి. వీధి చివర హారన్ కొడతారు, వెళ్ళి తెచ్చుకో."

టైలరమ్మ మిషను మీద సగం కుట్టిన ఖాకీ నిక్కరు వైపు చూసింది. వీధి చివర ఎంత దూరమో ఆవిడకి తెలుసు.

"ఎడమ కాలు అరంగుళం పొట్టి అన్నయ్యా. ఎప్పటి నుంచో. ఎడమ కాలి బట్ట అరంగుళం తక్కువ కోస్తాను."

గుండీలాయన వంగి తన ఎడమ కాలు చూసుకున్నాడు. "ఇరవై ఏళ్ళు నా కాలు నాకు చెప్పకుండా దాచావా?"

"కాలు నేను దాచలేదు. నీ ప్యాంటు దాచింది. బాగా కుట్టానని నువ్వే మెచ్చుకున్నావు."

కోపం తెచ్చుకోవాలో వద్దో ఆయన తేల్చుకోలేకపోయాడు. తేల్చుకునేలోపు నవ్వొచ్చింది. చీటీ ముక్క మీద ఆ కొలత రాయించుకుని, జిప్పుల లెక్క సగంలో వదిలేసి సైకిలెక్కాడు. ముప్ఫై ఏళ్ళలో లెక్క సగంలో వదిలేయడం అదే మొదలు.

పానా బాబాయ్ చీటీ చూసి, షెడ్డు గోడ చూసి, నుదురు కొట్టుకున్నాడు. ఆయన షెడ్డులో సైకిళ్ళన్నీ ఎడమ పక్కన గోడకే ఆనుతాయి. అందుకని అందరికీ కుడికాలితోనే సీటు కొలుస్తాడు. నలభై ఏళ్ళ అలవాటు. కుడికాలికి సరిగ్గా కుదిర్చిన సీటు ఎడమకాలికి అరంగుళం ఎత్తు. అందుకే అది వెనక నరాలు సాగదీసుకుని పెడల్ కోసం వెతుక్కుంటోంది, దాని వెంట నడుం ఊగుతోంది. సీటు తప్పు కాదు. నేల కాలికి అందడం లేదు, నేలనే లేపాలి.

బాబాయ్ పాత లారీ టైరు ముక్క ఒకటి తెచ్చి పెడల్ కొలతకి కోశాడు. ముందు అరంగుళం మందం పెట్టి తొక్కించాడు, కాలు అలవాటు లేక ఎదురు తన్నింది. కొంత చెక్కి పావంగుళం పైచిలుకు ఉంచాడు. కుదిరింది. పెడల్ ఎటు తిరిగినా కాలికి అదే అందాలని రెండు వైపులా బోల్టులు వేసి బిగించాడు. సీటును మొదటి వారం ఎత్తుకి తెచ్చాడు. గుండీలాయన షెడ్డు ముందు రెండు చుట్లు తిరిగి వచ్చాడు. నడుం ఊగడం మానేసింది. రెండు కాళ్ళూ ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి ఒకే పని చేస్తున్నట్టు అనిపించింది.

ఇంటికెళ్ళి భార్యకి గొప్పగా చెప్పాడు, ఎడమ కాలు అరంగుళం పొట్టి అని. ఆవిడ బట్టలు మడతపెడుతూ, "ఆ, తెలుసు," అంది.

"తెలుసా?"

"పెళ్ళయిన వారానికే తెలుసు. మీరు నడుస్తుంటే తెలియదేంటి?"

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"అరంగుళానికి గొడవెందుకని."

నాలుగో వారం చివరి రోజు ఎగువ వీధి మిగిలింది. యాభై ఒక్క దుకాణాలు అయిపోయాయి. ఎత్తు మొదట్లోనే వ్యాను ఆగి ఉంది, బావమరిది దాని పక్కన నిలబడి ఉన్నాడు. సొరుగులు నిండుగా ఉన్నాయి. కొనదాకా ఎక్కితే అక్కడ ఒక చొక్కాల దుకాణంలో బడిపిల్లల చొక్కాలు గుట్టగా, కాజాలు తీసి గుండీల కోసం ఎదురు చూస్తున్నాయి.

గుండీలాయన ఒక్కొక్క దుకాణం దగ్గరా దిగుతూ, లోపలికి వెళ్తూ, మళ్ళీ ఎక్కుతూ సాగాడు. దుకాణం దగ్గర దిగడం నెట్టడం కాదు, ఆ సంగతి బావమరిదే ఒప్పుకున్నాడు. పదో దుకాణం దాటాక అసలైన నిటారు ఎత్తు. బావమరిది వ్యాను వదిలేసి పక్కనే నడవడం మొదలుపెట్టాడు. కాలు ఎప్పుడు నేలమీద పెడతాడో కళ్ళారా చూడాలని. సైకిలు అంత నిదానంగా పోతోంది.

"ఇదేం తొక్కడం బావా? నేను నడుస్తూ నీతో కబుర్లు చెబుతున్నాను."

"చెప్పు."

"ఇంతకన్నా నెడితే త్వరగా పోతావు."

"త్వరగా పోవాలని పందెం కాయలేదు."

కొత్త ఫ్రీవీల్ మీద కాళ్ళు తేలిగ్గా, గిరగిరా తిరుగుతున్నాయి. చక్రం మాత్రం తీరుబడిగా కదులుతోంది. పాదాలు బాతులా బయటికి తిరిగి, వాటికి నచ్చినట్టు వెడల్పు పెడళ్ళ మీద కూర్చున్నాయి. కుడి చిప్ప ఏదో గొణిగింది గానీ తిట్టలేదు. ఎడమ కాలి కింద టైరు ముక్క ప్రతి చుట్టుకీ వచ్చి అందింది. గుమ్మాల్లో టైలర్లు టేపులు మెళ్ళో వేసుకుని చూస్తున్నారు. సగం ఎత్తుకి వచ్చేసరికి బావమరిది కబుర్లు తగ్గాయి. ముప్పావు ఎత్తుకి ఆగిపోయాయి. కొనకి చేరేసరికి ఆయన చొక్కాల దుకాణం గోడ పట్టుకుని నిలబడి ఊపిరి కోసం వెతుక్కుంటున్నాడు. రెండో వారం గుండీలాయన పట్టుకున్న గోడే అది.

గుండీలాయన నిదానంగా దిగి, స్టాండు వేసి, పై సొరుగు లాగి తెల్ల గుండీల పొట్లాలు తీశాడు. లోపల ఇచ్చి బయటికొచ్చాక, బావమరిదికి కూర్చోడానికి స్టూలు తెప్పించాడు.

"ఇక మాట ఎత్తను బావా," అన్నాడు బావమరిది, దక్కిన ఊపిరితో.

"ఎత్తకు. కానీ ఒక పని చెయ్. టోకు దుకాణం నుంచి మా ఇంటి దాకా పెట్టెలు నీ వ్యానులో వెయ్. ఇంటి నుంచి ఇవతల నా కాళ్ళు చూసుకుంటాయి."

బావమరిది తలూపాడు. దిగేటప్పుడు ఆయన నడిచే వెళ్ళాడు. గుండీలాయన బ్రేకులు పట్టుకుని దిగిపోయాడు.

చివరి లెక్క ఇది. పోయినవి: దిగకుండా వ్యాపారం చేసే కిటుకు, దానితో మిగిల్చానని గొప్పలు చెప్పుకున్న ఏడాది, పందేలవాళ్ళ పెడళ్ళు. పెడళ్ళను పానా బాబాయ్ గోడకి మేకు కొట్టి వేలాడదీశాడు, కొనాలని వచ్చేవాళ్ళకి చూపించడానికి. ఇప్పుడు ఆయన సైకిళ్ళని రెండు పక్కలా ఆనించి రెండు కాళ్ళూ కొలుస్తున్నాడు. మిగిలినవి: అరవై రెండు దుకాణాలు, వాటి లోపలి అరలు. కుడి మోకాలు చలిపొద్దుల్లో గొణుగుతుంది, దానికి ఆ మాత్రం హక్కుంది. టైలరమ్మ పుస్తకంలో ఆయన పేజీ మీద చుక్క కొట్టేసి దాని పక్కన అంకె వేసింది, ఆయనే దగ్గరుండి వేయించాడు. యాభై ఆరేళ్ళు మోసినా తనదని తెలియని అరంగుళం ఒకటి ఇప్పుడు లెక్కలోకి వచ్చింది. దాన్ని గుండీలాయన లాభంలోనే వేసుకున్నాడు.